ఇరవై అయిదు అంటే నలభై

మా వర్క్‌షాపులో ఒక ఎలివేటర్ కథ చెప్తుంటారు. అది రెండు రకాలుగా ఉంటుంది. కింద షెడ్డులో చెప్పే కథలో సైలు మేస్త్రీ డ్రాయింగు చూడకుండా తన పాత అట్ట పెట్టి రేకు కోశాడు, అందుకని మిషను చెడింది. పైన ఆఫీసులో చెప్పే కథలో కంప్యూటర్ తప్పు చేసింది, మేడం, అంటే నేను, సరిదిద్దింది. మొన్న నేను పని మానేసిన రోజు సేటు నాకు శాలువా కప్పి, మైకు పట్టుకుని ఆ రెండో కథే మళ్ళీ చెప్పాడు. శాలువా భుజాల మీద ఉండగా లేచి వాదించడం బాగుండదని ఊరుకున్నాను. ఇప్పుడు శాలువా బీరువాలో ఉంది. కాబట్టి వాదిస్తున్నాను.

రెండు కథలూ అబద్ధమే. ఆ రేకును అట్ట పెట్టి కోయలేదు. నిజానికి అట్ట పెట్టి కోసి ఉంటే మిషను బాగుండేది. కంప్యూటర్ చెప్పింది చెప్పినట్టు చేసింది, పాపం దానికి ఇంకేం చేతకాదు. తప్పు చేసింది నేను. ఈ సంగతి మీకెందుకంటే, డిగ్రీ చేతపట్టుకుని కంప్యూటర్ మీద మిషన్లు గీసే క్యాడ్ డిజైన్ పనిలోకి వస్తున్న మీరు కూడా సరిగ్గా ఇదే తప్పు చేస్తారు. చేయం అని ఒట్టేసినా నేను నమ్మను.

ఒక్క అంకె మారిస్తే

మట్టెవాడలో మా సేటువాళ్ళకు తాతల నాటి ఇనుప సామాన్ల కొట్టుంది. కొట్టు వెనక షెడ్డు, షెడ్డు మీద నా గది. మేం చేసేది రైసు మిల్లుల మిషన్లు, ముఖ్యంగా ఎలివేటర్లు. ఎలివేటర్ అంటే మనుషులెక్కేది కాదు. నిలువుగా ఒక పొడవాటి రేకు గొట్టం, అందులో తిరిగే బెల్టు, బెల్టుకు వరసగా బకెట్లు. కింద పోసిన వడ్లను బకెట్లు ముంచుకుని పైకి తీసుకెళ్ళి, గొట్టం పై కొసన, అంటే తలకాయ దగ్గర, విసురుగా తూములోకి కుమ్మరిస్తాయి. అంతే మిషను.

నేను చేరిన కొత్తలో ఒక్కో సైజుకు ఒక్కో డ్రాయింగుల కట్ట ఉండేది. మిల్లువాడు బకెట్ ఇంకో రెండంగుళాలు వెడల్పు కావాలంటే మొత్తం మళ్ళీ గీయాలి. బెల్టు మారుతుంది, పుల్లీ మారుతుంది, గొట్టం, మూత, తూము, బోల్టు రంధ్రాలు అన్నీ మారతాయి. తొమ్మిది మార్చి పదోది మర్చిపోవడం మా కంపెనీ ఆచారం.

క్యాడ్‌లో గ్లోబల్ వేరియబుల్ అని ఒకటుందని తెలిశాక నాకు ప్రాణం లేచొచ్చింది. అది బ్రహ్మవిద్యేం కాదు. ఒక అంకెకు పేరు పెట్టి ఒక పట్టికలో రాస్తారు. తర్వాత కొలతలన్నీ ఆ పేరును అడిగి తెలుసుకుంటాయి. బకెట్ వెడల్పు ఇంత. బెల్టు దానికన్నా ఇరవై మిల్లీమీటర్లు ఎక్కువ. పుల్లీ బెల్టు కన్నా మరో ఇరవై ఎక్కువ. ఇలా ఒకసారి చెప్పిపెడితే, పట్టికలో బకెట్ అంకె మార్చినప్పుడు మిషనంతా తనంతట తానే ఒళ్ళు సర్దుకుంటుంది.

సేటు దీన్ని చూసి నాకన్నా ఎక్కువ మురిసిపోయాడు. మిల్లువాళ్ళు ఎవరొచ్చినా పైకి తీసుకొచ్చి నా కుర్చీలో తను కూర్చునేవాడు.

"చెప్పు తమ్మీ, నీకెంత గావాలె? ఎనిమిదించులా? పదించులా? ఇగో సూడు, నేనే కొడ్తాన."

ఒకరోజు ఉషారెక్కువై రెండు వేల మిల్లీమీటర్లు కొట్టాడు. తెర మీద ఎలివేటర్ బస్సంత వెడల్పయింది. వచ్చినాయన దండం పెట్టి, మా మిల్లులో అంత జాగ లేదన్నాడు. ఇంకోరోజు సున్నా కొట్టాడు. తెరంతా ఎర్ర గుర్తులు.

"ఏమైందమ్మా? ఖరాబైందా?"

"ఖరాబు కాలే సేటూ. బకెట్ లేని ఎలివేటర్ ఎట్లుంటదని మీరు అడిగిన్రు. దానికి జవాబు తెలుస్తలేదు."

"మరి నీకు తెలుసా?"

"నాకు తెలుసు. గొట్టమంటరు దాన్ని."

ఆ రోజు నుంచి సేటు చేతికి కీబోర్డు అందకుండా చూడటం కూడా నా ఉద్యోగంలో భాగమైంది. మీరు నేర్చుకోవలసిన మొదటి సంగతి ఇదే. అంకెకు పేరు పెట్టడంతో పాటు, అది ఎంతవరకు పెరగొచ్చో ఎంతవరకు తగ్గొచ్చో పక్కనే రాసిపెట్టండి. సేట్లు అన్ని కంపెనీల్లోనూ ఉంటారు.

పేర్ల గొడవ

నాకు ముందు ఆ కుర్చీలో పనిచేసినాయన అంకెలకు ఎ, బి, సి అని పేర్లు పెట్టి వెళ్ళిపోయాడు. ఏది దేనిదో ఆయనకు తెలుసు. ఆయన ఎక్కడున్నాడో మాకు తెలియదు. కాబట్టి నేను పేర్లన్నీ మార్చి, షెడ్డులో పలికే మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టాను. రేకు మందానికి రేకు. గొట్టం ఎత్తుకు ఎత్తు. పట్టిక చదివితే మేస్త్రీకి కూడా అర్థం కావాలని.

సేటుకు నచ్చలేదు. "రేకు ఏందమ్మా, రేకు? మంచిగ ఇంగ్లీషుల పెట్టు. రేపు ఫారెన్ నుంచి ఎవలన్న వస్తే ఇజ్జత్ పోదా?"

"సేటూ, మనకు ములుగు అవతలి నుంచి ఆర్డర్ వచ్చి ఎన్నేండ్లయితాంది?"

పేర్లు అలాగే ఉండిపోయాయి. ఇంత వాదించి గెలిచిన నేను, ఒక్క పేరు దగ్గర మాత్రం గడ్డి తిన్నాను.

ఒక మధ్యాహ్నం డ్రాయింగులు చూస్తుంటే మూడు చోట్ల ఇరవై అయిదు అనే కొలత కనబడింది. గొట్టాన్ని నిలబెట్టే ఇనుప యాంగిల్ ఇరవై అయిదు మిల్లీమీటర్లు. గొట్టం అడుగున ఉన్న తలుపు పిడి ఎత్తు ఇరవై అయిదు. ఇక మూడోది, పైన తలకాయలో బకెట్ అంచుకూ తూము రేకుకూ మధ్య వదిలే సందు. ఆ రేకును షెడ్డులో మూతి అంటారు. మూతి సందు కూడా ఇరవై అయిదే.

మూడు చోట్ల ఒకే అంకె ఉంటే మూడుసార్లు రాయడమెందుకని నా తెలివి నాకు చెప్పింది. మూడింటినీ ఒకే వేరియబుల్‌కు కట్టేశాను. దానికి ఏం పేరు పెట్టాలో తోచలేదు. తోచదు మరి, మూడూ మూడు వేరు సంగతులైతే ఒక పేరెక్కడ దొరుకుతుంది? పేరు దొరకనప్పుడే ఆగి ఆలోచించాల్సింది. నేను ఆగలేదు. ఇరవైఅయిదు అనే పేరు పెట్టాను. ఇరవైఅయిదు ఈజ్ ఈక్వల్ టు ఇరవై అయిదు. ఎంత ముద్దుగా ఉందో అనుకుని టీ తాగాను.

అట్టలు

సైలు మేస్త్రీ నా కన్నా పదిహేనేళ్ళు పెద్ద. నేను కాకా అనేదాన్ని, ఆయన నన్ను బిడ్డా అనేవాడు. షెడ్డులో రేకు మీద గీత గీసే హక్కు ఆయన ఒక్కడిదే. మిగతావాళ్ళు ఆయన గీత మీద కోసేవాళ్ళు.

ఆయన ఏ డ్రాయింగునూ నేరుగా రేకు మీదికి ఎక్కించడు. ముందు సామాన్లొచ్చిన డబ్బాల అట్ట తీసుకుని, దాని మీద ఆ ఆకారం అసలు సైజులో గీసి కోస్తాడు. ఆ అట్టను రేకు మీద పరిచి చుట్టూ గీత గీస్తాడు. పని అయ్యాక అట్టను గోడ మీద మేకుకు తగిలిస్తాడు. ఆ గోడ నిండా అట్టలే. వాటిలో కొన్నింటి మీద పసుపు బొట్టుంటుంది, కొన్నింటి మీద ఉండదు. ఎందుకని మొదట్లో ఒకసారి అడిగాను.

"ఆ అట్టతోటి చేసిన మిషిను మిల్లుల గింజ పోసి నడువాలె బిడ్డా. నడిస్తెనే బొట్టు. అప్పటిదాక అది ఉత్త అట్ట."

అప్పుడు నవ్వాను. చదువుకున్నదాన్ని కదా.

మా ఇద్దరికీ చెడింది ఒక మూత దగ్గర. డ్రాయింగులో నేను మార్పు చేశాను, ఆయన పాత అట్ట పెట్టి కోశాడు. ఒక పెద్ద రేకు పాడైంది. నేను మెట్లు దిగి వచ్చి అందరి ముందూ అరిచాను. నా గొంతు సంగతి నాకు తెలుసు, బజారులో కూడా వినబడి ఉంటుంది.

"ఇగ ఈ అట్టలు నాకు కనబడద్దు. కాగితంల ఏముంటె అదే కొయ్యాలె. కాగితం మీద ఎదురు మాట్లాడుడు బంద్."

ఆయన పెన్సిలు చెవి మీద పెట్టుకుని, "సరే మేడం" అన్నాడు. ఆ రోజు నుంచి బిడ్డా పోయింది, మేడం వచ్చింది. మర్యాద పెరిగిందనుకునేంత అమాయకురాలినేం కాదు. కానీ తగ్గి మాట్లాడటం నా ఒంట్లో లేదు.

వడ్ల వాన

రెండు వారాల తర్వాత ధర్మసాగర్ దారిలో మిల్లున్న కొమురయ్య ఎలివేటర్ కావాలని వచ్చాడు. పక్క మిల్లులో మా మిషన్ గాలికి ఊగుతోందట, తనకు యాంగిల్ గట్టిది వేయమన్నాడు. నలభై మిల్లీమీటర్ల యాంగిల్ వేద్దామని సేటు అన్నాడు.

నేను పట్టిక తెరిచి, ఇరవైఅయిదు ఎదురుగా నలభై కొట్టాను. మిగతా రెండూ దానికే కట్టి ఉన్నాయని గుర్తు రాలేదు. ఒక్క ఎర్ర గుర్తు రాలేదు. డ్రాయింగులన్నీ బుద్ధిగా మారిపోయాయి. ప్రింట్లు తీసి కిందికి పంపాను.

ఇక్కడ ఒకమాట చెప్పాలి, మీరు రాసుకోండి. ఆకారం విరిగితేనే కంప్యూటర్ ఎర్ర గుర్తు పెడుతుంది. అర్థం విరిగితే పెట్టదు. మూతి సందు నలభై అయినా దానికి అభ్యంతరం లేదు. అది ఎన్నడూ వడ్లు చూసింది కాదు.

మిషను బిగించిన మర్నాడు కొమురయ్య ఫోను చేశాడు. ఆయన తిట్టలేదు, అదే ఇంకా బాధ.

"మేడం, మీ మిషిను మంచిగనే ఉన్నది. వడ్లను పైకి తీస్కపోతాంది. మళ్ళ కిందికి తీస్కొస్తాంది. ఉత్తగ తిప్పుకస్తాంది, జాతర సూపెట్టినట్టు."

నేనూ సేటూ వెళ్ళి చూశాం. నిజమే. బకెట్లు విసిరిన గింజలో సగం మూతి దాటి తూములో పడుతోంది, మిగతాది ఆ సందులోంచి జారి గొట్టం లోపల వానలా కురుస్తోంది. బయట కళ్ళంలో వడ్లు కుప్పలుగా పోసి ఉన్నాయి.

"పిడి మాత్రం బాగున్నది మేడం" అన్నాడు కొమురయ్య, ఏదో ఒక మంచి మాట చెప్పాలని. "చెయ్యి మంచిగ పడ్తాంది."

ఆ పిడి ఎందుకు పెద్దదైందో నాకు అప్పుడే వెలగాల్సింది. వెలగలేదు. తిరిగి వస్తూ దారిలో సేటు తేల్చేశాడు.

"ఏమున్నది, సైలు మళ్ళ అట్ట పెట్టి కోసిండు."

"అంతే సేటూ" అన్నాను నేను. రెండు మాటలు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను ఆలోచించకుండా ఒప్పుకున్న మాట అదొక్కటే. చూడండి, అదే తప్పయింది.

సోమవారం నుంచి బుధవారం దాకా

సేటు షెడ్డులో అందరి ముందు చెప్పాడు. సైలు ఇక గీతలు గీయొద్దు, గ్రైండింగు చేసుకోవాలి. గోడ మీద అట్టలన్నీ తీసేయాలి. మేస్త్రీ మేకులకున్న అట్టలు ఒక్కొక్కటే తీసి, తాడుతో కట్టకట్టి, ఇంటికి తీసుకుపోవడానికి తన సైకిల్ పక్కన పెట్టుకున్నాడు.

నేను పైకొచ్చి ఫైలు తెరిచాను. ఎందుకో నిజం చెప్తాను. ఆయన ఎంత తేడాగా కోశాడో మిల్లీమీటర్లలో చూపించి ఇంకో నాలుగు మాటలు అనడానికి. మూతి సందు మీద నొక్కితే నలభై అంది. ఆ నలభై ఎక్కడినుంచి వచ్చిందని పట్టికలోకి పోతే, అక్కడ నల్లటి అక్షరాల్లో ఉంది. ఇరవైఅయిదు ఈజ్ ఈక్వల్ టు నలభై.

అది సోమవారం. నేను నోరు విప్పింది బుధవారం. ఈ రెండు రోజులూ ఏం చేశానంటే, ఎవరికీ చెప్పకుండా ఫైలు సరిచేశాను. మూడు సంగతులకు మూడు పేర్లు పెట్టాను. యాంగిల్, పిడి, సందు. అది చేసినంతసేపూ తప్పు దిద్దుకుంటున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అది దిద్దుకోవడం కాదు, కడిగేయడం. మధ్యమధ్య కిటికీలోంచి కిందికి చూస్తే, గీత గీసే మనిషి చక్రం దగ్గర వంగి కూర్చుని, పక్కవాళ్ళు ఇచ్చిన ముక్కల అంచులు అరగదీస్తున్నాడు. ఇప్పుడు గీత గీస్తున్నవాడు మధ్యమధ్య ఆయన వైపు చూస్తున్నాడు, అడగాలా వద్దా అని.

బుధవారం సేటు గదిలోకి వెళ్ళి చెప్పాను.

"మేస్త్రీ కాగితం ప్రకారమే కోసిండు. కాగితమే తప్పు."

"అంటే కంప్యూటర్ తప్పు చేసిందా?"

"కంప్యూటర్ కాదు. నేను."

సేటు తలుపు దగ్గరికేశాడు. "గట్ల అనకు. మిల్లులోల్లకు నీ కంప్యూటర్ సూపెట్టే మనం ఆర్డర్లు తెస్తానం. కంప్యూటర్ల ఏదో గడబిడ అయిందందాం. సైలును మళ్ళ గీతల మీదికి తీసుకుందాం. అందరు ఖుష్."

"కంప్యూటర్ తప్పు అంటే రేపు ఇంకెవలన్న మూడిటిని ఒకదానికి కట్టేస్తరు సేటూ."

"నీతోటి మాట్లాడుడు నాతోని కాదు" అన్నాడు. ఆ మాట ఆయన నాకు వారానికి రెండుసార్లు చెప్తాడు. దాన్ని నేను అనుమతి కింద తీసుకుంటాను.

టీ వేళకు కిందికి దిగి, ఏ గొంతుతో అరిచానో ఆ గొంతుతోనే చెప్పాను. అట్ట తప్పు లేదు, మేస్త్రీ తప్పు లేదు, కాగితంలో తప్పు నాది, ఆయన అట్ట పెట్టి కోశాడంటే అంతే అని నేను ఒప్పుకోవడం కూడా తప్పే. షెడ్డులో వాళ్ళు నమ్మారో లేదో తెలియదు. ఇవాళ్టికీ అట్ట కథే చెప్తున్నారంటే, నమ్మలేదనే అనుకోవాలి. తప్పు చేసింది మేస్త్రీ అయితే కథ చెప్పుకోవడం సులువు కాబోలు.

మేస్త్రీ మాత్రం టీ గ్లాసు కింద పెట్టి లేచాడు. సైకిల్ పెట్టే చోటికి పోయి, ఇంకా ఇంటికి తీసుకుపోని అట్టల కట్ట విప్పి, మూతి అట్ట బయటికి తీశాడు. దాని మీద ఎప్పటిదో పసుపు బొట్టు.

"పా మేడం, కొమురయ్య తాన పోయి సూద్దాం" అన్నాడు.

పెన్సిలు

పని గంటలో అయిపోయింది. ఆయన పాత బెల్టు రబ్బరు ఒక పట్టీ కోసి, మూతికి ముందు భాగంలో పదిహేను మిల్లీమీటర్లు బయటికి వచ్చేలా బోల్టులతో బిగించాడు. అంటే మళ్ళీ సందు ఇరవై అయిదు. కొమురయ్య మోటారు వేశాడు. గొట్టం లోపల వాన ఆగింది. తూములోంచి వడ్లు దబదబా పడటం మొదలైంది.

మేస్త్రీ జేబులోంచి చిన్న పసుపు పొట్లం తీశాడు. నేను వెంట తెచ్చిన కొత్త డ్రాయింగు అడిగి, ఒక మూలన వేలితో బొట్టు పెట్టాడు.

"కాగితానికి గూడ బొట్టా కాకా?"

"నడిచింది గద. నడిచినదానికి పెట్టాలె."

ఆనాటి నుంచి నా పట్టికల్లో ప్రతి అంకె పక్కనా వ్యాఖ్య రాసే గడిలో నేను బొట్టు అని రాస్తాను. మిల్లులో గింజ పోసి నడిచిన అంకెకే రాస్తాను, మిగతావి ఖాళీ. నా తర్వాత వచ్చిన పిల్ల అది చూసి, ఇదేం ఫంక్షన్ మేడం, హెల్ప్‌లో దొరకడం లేదు అంది. దొరకదమ్మా. మీరూ నేర్చుకోవాల్సింది అదే. రెండు కొలతలు ఇవాళ సమానంగా ఉన్నాయని వాటికి చుట్టరికం కలపకండి. ఒకటి మారితే రెండోది ఎందుకు మారాలో ఒక వాక్యంలో చెప్పగలిగితేనే కట్టండి. చెప్పలేకపోతే మూడుసార్లు రాయండి, వేళ్ళేం అరిగిపోవు.

ఇక అసలు సంగతి. ఆ రోజు మిల్లులో బోల్టులు బిగించడానికి ఆయన పైకెక్కి, తను చూసి రేకు కోసిన పాత ప్రింటు నా చేతికిచ్చాడు పట్టుకొమ్మని. అది ఆయన దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేదు. మడతలు విప్పి చూస్తే, మూతి సందు దగ్గర నేను ముద్రించిన నలభై చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి ఉంది. పక్కన ఆయన రాతతో ఇరవై అయిదు.

"కాకా, ఇదెప్పుడు రాసినవ్?"

"ఏదది?"

"నలభై పక్కన ఇరవై అయిదు."

"కండ్లు సక్కగ కనవడ్తలేవు బిడ్డా. ఆ పానా అందియ్యి."

బిడ్డా అన్నాడు కాబట్టి నేను పానా అందించి ఊరుకున్నాను. మళ్ళీ ఆర్నెల్లకు అడిగాను, టీ తాగమన్నాడు. ఆయన పని మానేసిన రోజు అడిగాను, దగ్గాడు. ఇప్పుడు ఏటూరునాగారంలో కూతురి దగ్గర ఉంటున్నాడు. పోయిన నెల అక్కడికి వెళ్ళి, చేపల కూరతో అన్నం తిని, చెయ్యి కడుక్కుంటూ అడిగాను. "ఇంక గా కాగితం పట్టుకోనే తిరుగుతానవా?" అని నవ్వాడు తప్ప చెప్పలేదు.

ఆ ప్రింటు నా దగ్గరే ఉంది. ఆ రాత మీదుగా రేకు కోసేటప్పుడు వాడే నూనె మరక ఒకటి పడింది. నూనె మీద రాశాడా, రాత మీద నూనె పడిందా అని భూతద్దం పెట్టి కూడా చూశాను, తేలలేదు. మిషను చెడ్డాక అట్టతో పోల్చి రాసుకుంటే అది ఒక మంచి పనివాడి లెక్క. అలా కాక రేకు మీద గీత గీసే ముందే రాసి ఉంటే, ఎదురు మాట్లాడొద్దన్న నా మాటకు కట్టుబడి, తప్పని తెలిసి తెలిసి కోశాడన్నమాట. అప్పుడు ఆ మూతి రేకు పాడుచేసింది నా వేరియబుల్ కాదు, నా నోరు. ఏ పాఠం రాసి మీకివ్వాలో నాకు అది తేలితే తప్ప తెలియదు.

కాకా, ఈ ఒక్కటి చెప్పు. ఆ ఇరవై అయిదు కోసే ముందు రాసినవా, కోసినంక రాసినవా?